కోడిపిల్లల శ్రీరామప్ప, పైగదిలో పాము

మత్తిగిరిలో మా పెదనాన్న శ్రీరామప్పకు థర్మామీటరంటే నవ్వు. నలభై ఏళ్లు కోళ్ల ఫారంలో ఒక్కరోజు వయసు కోడిపిల్లల్ని పెంచిన మనిషి. బల్బు కింద పిల్లలు ఒకదాని మీదొకటి ఎక్కితే చలి, గోడల దాకా పోయి నోళ్లు తెరిస్తే వేడి. ఆయన చదువంతా అదే. ఆయన చేయి పెట్టి చూసిన పిల్ల చచ్చింది లేదని జూజువాడి దాకా చాటింపు వేసింది నేనే. ఫ్రిజ్‌లోంచి తీసిన గుడ్డు కూడా ఆయన అరచేతిలో పిల్లయిందని చెప్పాను. నమ్మినవాళ్లున్నారు. తొమ్మిదో తరగతితో బడికి దండం పెట్టినా, ఈ తాలూకాలో నా మాటకున్న విలువ అలాంటిది.

పైన రేకుల గదిలో అద్దెకుండే యశ్వంత్ ఫ్యాక్టరీలో ఇంజనీరు. గాజు పెట్టెలో బాల్ పైథాన్‌ను పెంచుతున్నాడు. విషం లేని మూడడుగుల పాము, కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి, పేరు చిన్ని. ఏప్రిల్‌లో ట్రైనింగుకని పుణె వెళ్తూ దాన్ని పెదనాన్నకు అప్పగించాడు.

“తాతా, పెట్టెలో ఒక పక్క వెచ్చగా, ఇంకో పక్క చల్లగా ఉండల్ల. కింద ఉండే హీట్ ప్యాడ్‌ను ఈ థర్మోస్టాటే వేస్తుంది, అదే ఆపుతుంది. ఎండాకాలం కదా, సగం దినం ఆగే ఉంటుంది. మీరు నీళ్లు మారిస్తే చాలు.”

“లక్ష పిల్లల్ని సాకినోణ్ణప్పా. ఒక పురుగుకు నీళ్లు పెట్టలేనా? పోయిరా.”

మూడో రోజు మధ్యాహ్నం వాన పడింది. గది చల్లబడింది. చిన్ని ప్యాడ్ ఉన్న పక్కకు చేరి చుట్ట చుట్టుకుంది.

“చూడ్రా బాలాజీ, చలి దానికి. బల్బు కిందికి చేరిన పిల్ల మాదిరే. ఈ థర్మోస్టాట్ డబ్బా ఊరూరికే కరెంటు ఆపేస్తా ఉండాది.”

ప్యాడ్ తీగను థర్మోస్టాట్ నుంచి పీకి నేరుగా గోడ ప్లగ్గుకు పెట్టేశాడు. నేను పక్కనే ఉన్నాను. రాయకోట దగ్గర నేను చూసిన కొండచిలువ మిట్టమధ్యాహ్నం రైలు పట్టాల మీద నిద్రపోయేదని, రైలు డ్రైవరు దిగివచ్చి బతిమాలితే గాని లేచేది కాదని, పాముకు ఎంత వేడైనా చాలదని చెప్పాను. ఆయన తలూపాడు.

మరునాడు ఎండ మళ్లీ మండింది. పాము అక్కడే ఉంది. “ఇంకా చలి పోలేదురా,” అంటూ పెట్టె మీద గోనెసంచి కప్పాడు. ఆ మరునాడు పొద్దున నీళ్లు మార్చబోయి దాన్ని ఎత్తాడు. కడుపు కింద పొలుసులు జానెడు మేర ఎర్రబడి, బొబ్బలెక్కి ఉన్నాయి.

ప్లగ్గు పీకేసి, పసుపు, కొబ్బరినూనె తెమ్మని కేకేశాడు. నేను యశ్వంత్‌కు వీడియో కాల్ చేశాను.

“ఏమీ పూయద్దు తాతా! డబ్బాలో శుభ్రమైన పేపరు పరిచి దాంట్లో పెట్టండి. బెంగళూరులో పాముల్ని చూసే డాక్టరమ్మ ఉండారు, నేను ఫోన్ చేస్తాను. ఇప్పుడే తీసుకోని పోండి.”

“కాలతా ఉంటే పక్కకు జరగల్ల కదప్పా? పెట్టెలో అంత జాగా ఉండె. ఏంటికి జరగల్యా?”

“కడుపు కింద కాలేది దానికి మన మాదిరి తెలీదు తాతా. వెచ్చదనానికని పడుకుంటుంది, కాలినా ఆడనే ఉంటుంది. అందుకే కదా ఆ థర్మోస్టాట్ పెట్టింది.”

పెదనాన్న ఫోన్‌ను నా చేతికిచ్చేశాడు. రైలు పట్టాల కథ నాదని ఆయన చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

నా వ్యాను హైవే ఎక్కితే టైర్లు రోడ్డుకు తగలవని ఊరందరికీ తెలుసు. ఆ రోజు బెంగళూరు దారిలో జూజువాడి చెక్‌పోస్టు దగ్గర ఇరుక్కుపోయాం. ముందు లారీ, వెనక లారీ, పైన ఎండ. చిన్నిని పెట్టిన చిల్లుల డబ్బా పెదనాన్న ఒళ్లో ఉంది.

“లోపల వేడెక్కతా ఉండాదేమోరా.”

“మూత కొంచెం తీసి గాలి తగలనీ పెదనాయనా.”

“అప్పుడు చలైతే?”

చేయి డబ్బా దాకా తీసుకుపోయి వెనక్కి లాక్కున్నాడు. మళ్లీ చాచాడు. మళ్లీ లాక్కున్నాడు.

“నువ్వు పెట్టి చూడప్పా.”

పెట్టాను. నాకేమీ తెలియలేదు. చిల్లులోంచి చూస్తే చుట్ట కదలడం లేదు. బతికి ఉన్న పామూ అలాగే పడుకుంటుంది.

“కోడిపిల్లయితే అరిచి చచ్చేది,” అన్నాడు.

ముందున్న లారీ ఇంజను ఆగింది. డ్రైవరు దిగి, తువ్వాలు భుజాన వేసుకుని టీకొట్టు వైపు నడిచాడు.

“హారన్ కొట్టరా.”

కొట్టాను. లారీలో ఎవరూ లేరు.

“ఇంకా కొట్టరా,” అన్నాడు పెదనాన్న.