థైమ్ నూనెతో ఒక పరీక్ష

2023 వానాకాలం. కొండాపూర్‌లో ఒక చిన్న క్లినిక్‌లో డైటీషియన్‌గా చేస్తున్నాను. వచ్చేవాళ్లలో ఎక్కువమంది చుట్టుపక్కల ఐటీ ఆఫీసులవాళ్లు. వేళ తప్పిన భోజనం, కడుపుబ్బరం, పుల్లని తేన్పులు. మావారు పోయి అప్పటికి ఏడాది కాలేదు. చేయడానికి పని ఉండటం మంచిదనిపించేది.

లావణ్య తెల్లాపూర్ నుంచి భర్త నరేష్‌తో వచ్చింది. ఆమెది కాకినాడ, అతనిది సంగారెడ్డి. ఆమె సాఫ్ట్‌వేర్ టెస్టర్. కొత్తగా వచ్చేవాళ్లను ఇంట్లో వాడేవన్నీ సంచిలో వేసుకుని రమ్మంటాను. అడిగితే చెప్పనివి సంచిలో కనిపిస్తాయి. ఆమె మొదట ఒక గోధుమరంగు సీసా తీసింది. థైమ్ ఎసెన్షియల్ ఆయిల్, అంటే విదేశీ వంటల్లో వాడే థైమ్ అనే మొక్క ఆకును ఆవిరి పట్టి తీసిన గాఢమైన నూనె.

"ఇది రోజుకెన్ని చుక్కలు వేసుకోవాలో చెప్పండి చాలండి. డైట్ నేను చూసుకుంటాను."

"డైట్ తనే చూసుకుంటదట. ఇగ మీరెందుకు మేడమ్?" అన్నాడు నరేష్. "ఇల్లంత మిర్చిబజ్జీ బండి లెక్క వాము వాసనొస్తున్నది."

వాసన సంగతి నిజమే. థైమ్ మన వంటింటి మొక్క కాదు గాని, అందులోని ముఖ్య రసాయనం థైమాల్ మన వాములోనూ ఉంది. వాము నమిలితే నాలుక చురుక్కుమనేది దానివల్లే. థైమ్‌లో కార్వక్రాల్ అని అలాంటిదే మరొకటి ఉంటుంది. ఇవి పేగుల కండరాల బిగువును సడలిస్తాయని, కొన్ని సూక్ష్మజీవులను అడ్డుకుంటాయని ప్రయోగశాలల్లో చూశారు. వంటలో వేసుకునే మోతాదులో ఉబ్బరం తగ్గడం చాలామందికి అనుభవమే. గాజుపళ్లెంలో జరిగింది కడుపులోనూ జరుగుతుందన్న హామీ లేదు. పైగా గాఢమైన నూనె మింగితే జీర్ణాశయపు లోపలి పొర దెబ్బతినవచ్చు.

ఇదంతా చెప్పాను. "చదివానండి. హెచ్. పైలోరిని కూడా చంపుతుందట," అంది ఆమె. కడుపులో పుండ్లు పడేలా చేసే బాక్టీరియా అది.

ఆ పేరు ఎవరి నోటా ఊరికే రాదు. సంచిలో చూస్తే సగం వాడిన మాత్రల అట్టలున్నాయి. ఆ బాక్టీరియాకు డాక్టర్లు రాసే రెండు రకాల యాంటీబయాటిక్స్, ఆసిడ్ తగ్గించే మాత్రలు.

"ఇవెందుకు ఆపారు?"

"రెండూ కలిపి వాడితే ఏది పనిచేసిందో తెలియదు కదండీ. అందుకే మాత్రలు ఆపి నూనె ఒక్కటే పెట్టాను. పాస్ అయింది. నొప్పి తగ్గింది."

"మాత్రలు ఆపినవా? నాకు చెప్పనే లేదేందే!" అన్నాడు నరేష్.

మావారికి ఒక సాయంత్రం ఛాతీ బరువుగా ఉంటే, గ్యాస్ అనుకుని వాము, ఉప్పు నమిలారు. తేన్పు వచ్చిందని, తగ్గిందని నాకు ఫోన్‌లో చెప్పారు. అది గుండెపోటు.

ఆ సంగతి వాళ్లకు చెప్పలేదు. లావణ్య కింది కనురెప్ప లాగి చూశాను. లోపల ఎరుపు లేదు, ఒంట్లో రక్తం తగ్గినట్టుంది.

"మెట్లెక్కితే ఆయాసం వస్తోందా?"

"నిద్ర చాలక అనుకున్నానండి."

"విరేచనం ఏ రంగులో అవుతోంది?"

భర్త వైపు చూసి గొంతు తగ్గించింది. "నల్లగా, తారులాగా. నూనెవల్ల మలినాలు పోతున్నాయనుకున్నా."

తారులా నల్లగా అంటే జీర్ణాశయంలోనో, పేగుల పైభాగంలోనో రక్తం కారుతోందని అనుమానించాలి. డైట్ చార్ట్ రాయలేదు. దగ్గర్లోని ఆసుపత్రికి ఫోన్ చేసి, వెంటనే వెళ్లమన్నాను.

"సాయంత్రం ఆఫీసువాళ్లతో రిలీజ్ కాల్ ఉందండి. రేపు వెళ్తాను."

"నీ కాల్‌ల నేను కూసుంట," అన్నాడు నరేష్, జేబులోంచి కారు తాళాలు తీస్తూ. "ఏం తెల్వకున్నా తలూపుత. అందరు చేసేది గదే గదా. నువ్వు ముందు నడువు."

ఎండోస్కోపీలో, అంటే గొట్టంతో కడుపు లోపల చూసినప్పుడు, రక్తం కారుతున్న పుండు కనిపించింది. రక్తం ఎక్కించారు. తర్వాత మాత్రల కోర్సు మళ్లీ మొదటినుంచి, మందులు మార్చి ఇచ్చారు. పుండును నూనె పెంచిందా అంటే డాక్టరు చెప్పలేనన్నారు. నొప్పి తగ్గడం కూడా ఆమె ముందు వేసుకున్న మాత్రల వల్ల కావచ్చన్నారు. ఆమె పెట్టిన పరీక్షలో తేలిందేమీ లేదు.

కోలుకున్నాక ఇద్దరూ మళ్లీ వచ్చారు. బాక్టీరియా పోయిందని రిపోర్టు చూపించింది.

"ఇప్పుడు వాము తినొచ్చాండి?"

"మజ్జిగలో చిటికెడు వేసుకోండి. సీసా జోలికి పోకండి."

"సీసా ఎప్పుడో పడేసిన మేడమ్," అన్నాడు నరేష్.

థైమాల్ చేసే మేలు అబద్ధం కాదు. కడుపు తేలికవుతుంది. ఏ కారణంతో బరువెక్కిందో మాత్రం అది చెప్పదు. ఇప్పుడు ఎవరైనా తగ్గిందంటే సంతోషించి ఊరుకోను. తగ్గకముందు ఏముండేదో, తగ్గాక కొత్తగా ఏం మొదలైందో అడుగుతాను. కొందరు విసుక్కుంటారు. అయినా అడుగుతాను.

మా వంటింట్లో వాము డబ్బా ఉన్నచోటే ఉంది. మజ్జిగలోకి వాడుతున్నాను.