బాస్‌గారి అమ్మ పుట్టింటిపేరు

మొన్న శనివారం నా గ్రీన్‌కార్డ్‌కి నా నోటితో నేనే నిప్పు పెట్టుకోబోయాను. నవ్వకండి, టీ ఒలికిపోతుంది!

మా బాస్ కీత్ పార్సిప్పనీ అనే ఊళ్ళో ఉంటాడు. నా గ్రీన్‌కార్డ్ కాగితాల మీద సోమవారం సంతకం పెట్టాల్సింది ఆయనే. అలాంటి మనిషి "స్కాట్లండ్ నుంచి మా అమ్మ వచ్చింది, మీ ఆవిడతో డిన్నర్‌కి రా" అన్నాడు. కారెక్కుతూనే రమ చెప్పింది: "ఏవండీ, తినండి, నవ్వండి, ఊరుకోండి." విన్నానా?

భోజనాల దగ్గర ముసలావిడ మురిసిపోతూ మొదలెట్టింది. కీత్ అనేది వాళ్ళ దేశంలో ఒక ఊరట. ఆ ఊరి పేరే ఆవిడ పుట్టింటివాళ్ళకి ఇంటిపేరైందిట. దాన్ని పట్టుకొచ్చి కొడుక్కి పేరుగా పెట్టిందిట! బ్రూస్, గ్రాహం, డగ్లస్, ఇవన్నీ కూడా ఒకప్పుడు ఇంటిపేర్లేనట.

నాకు ఒళ్ళు మండింది. పేర్లకి కరువొచ్చిందా వీళ్ళకి! నక్షత్రం చూసి, బియ్యంలో ఉంగరంతో రాసి పేరు పెట్టే జాతి మనది. మనకా చెప్పేది? ఇక ఆగలేదు నోరు.

"ఊరి పేరు ఇంటిపేరైంది, ఇంటిపేరు పిల్లాడి పేరైంది. రేపు మనవడికి జిప్ కోడ్ పెడతారా?" అని ఇంగ్లీషులో అనేసి, నా జోకుకి నేనే పకపకా నవ్వాను.

ఇంకెవ్వరూ నవ్వలేదు. కీత్ ఫోర్క్ కింద పెట్టాడు. రమ బల్ల కింద నా కాలు తొక్కింది.

ముసలావిడ మెల్లిగా అంది: "మా నాన్నకి కొడుకుల్లేరు. నాతో ఆ పేరు ఆగిపోయేది. అందుకే వీడికి పెట్టుకున్నాను."

చచ్చాన్రా దేవుడా అనుకున్నాను. సోమవారం సంతకం గంగలో కలిసినట్టే! సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

ఆవిడే జాలిపడి మాట మార్చింది. "నీ పేరు దుగ్గిరాల కదా, అంటే ఏమిటి?"

నేను నీళ్ళు నమిలాను. రమ నమల్లేదు. "గుంటూరు దగ్గర ఊరండీ. మా ఇంటిపేరు!"

కీత్ అదిరిపడ్డాడు. "అంటే నాలుగేళ్ళుగా ఆఫీసంతా నిన్ను ఇంటిపేరుతో పిలుస్తున్నామా? చెప్పవేం?"

ఏం చెప్పను! డెబ్బై తొమ్మిదిలో చేరిన రోజున, మన అలవాటు కొద్దీ ఇంటిపేరు ముందు, నా పేరు వెనక చెప్పాను. ముందున్నదే పేరనుకుని సాయంత్రానికల్లా నా బల్ల మీద బోర్డు పెట్టేశారు. కొత్త ఉద్యోగం, దిద్దబోతే ఏమనుకుంటారో అని తలూపాను. ఊపుతూనే ఉన్నాను.

ముసలావిడ పడీపడీ నవ్వింది. "మావాడికి తల్లి పెట్టింది, నీకు ఆఫీసు పెట్టిందన్నమాట!" కాగితాల సంగతి కొడుకు చెప్పాడు కాబోలు, "కీత్, ఇతనికి సంతకం పెట్టెయ్. గవర్నమెంటైనా అసలు పేరుతో పిలుస్తుంది" అంది.

సోమవారం సంతకం పడింది. "ఇంతకీ నీ అసలు పేరు ఎలా పలకాలి?" అన్నాడు కీత్, కాగితం వంక చూస్తూ.

"వీర వెంకట సత్యవరప్రసాద్."

రెండుసార్లు ప్రయత్నించాడు పాపం, దగ్గొచ్చింది. నీళ్ళు తాగి, నా చెయ్యి గట్టిగా ఊపి, "కంగ్రాచ్యులేషన్స్, దుగ్గిరాలా!" అన్నాడు.

"థాంక్యూ సర్" అన్నాను. కార్డ్ చేతికొచ్చేదాకా "ఓయ్" అని పిలిచినా పలుకుతాను!