నలభై ఎనిమిది గాట్ల చక్రం

తాడిపత్రిలో మా వాచీ రిపేరు అంగడి బండల పాలిష్ ఫ్యాక్టరీలకు పోయే దారిలో ఉంది. బండపొడి ఎప్పుడూ గాలిలో తేలుతుంటుంది కాబట్టి, మా ఆయన ఏ వాచీ విప్పినా దానిమీద గాజు గిన్నె బోర్లిస్తాడు. పట్టీలు మార్చడం, బ్యాటరీలు వేయడం నా పని. ఏడో తరగతితో చదువు ఆగిపోయినదాన్ని. ఆ తర్వాత చదివిందంతా శాఖా గ్రంథాలయంలోనే. సాయంత్రం నాలుగింటికి తలుపులు తీసేసరికి మెట్ల మీద నేనుంటాను.

కాలేజీలో పాఠాలు చెప్పిన ఒక పెద్దాయన పోయాక ఆయన పుస్తకాలను ఇంటివాళ్ళు గ్రంథాలయానికి ఇచ్చారు. వాటిలో ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఉంది. ఖరీదైన చేతి గడియారాలు చేసే ఒక విదేశీ కంపెనీ, తాను చేసినవాటిలో అతి క్లిష్టమైనవన్నీ బొమ్మలతో అందులో అచ్చువేసింది. ఇంటికి ఇవ్వరు. నిఘంటువు పక్కన పెట్టుకుని మూడు నెలలు చదివాను. అర్థమైనంత తెలుగులో నోటుపుస్తకంలో రాసుకుని, మరునాడు అంగడిలో మా ఆయనకు చదివి వినిపించేదాన్ని.

మీట జరిపితే గంటలు, నిమిషాలు మోగించి చెప్పే వాచీ ఉంది. భూమి లాగే బలానికి లొంగకుండా గుండెకాయలాంటి భాగమంతా గిర్రున తిరిగే వాచీ ఉంది. ఆయన మనసు మాత్రం నెలల పొడవు తానే తెలుసుకునే వాచీ మీద నిలిచిపోయింది. దానిలో ఒక చక్రం నాలుగేళ్ళకు ఒక్క చుట్టు తిరుగుతుంది. దాని అంచున నెలకొకటి చొప్పున నలభై ఎనిమిది చోట్లు. ముప్పై ఒక్క రోజుల నెలకు గాటు ఉండదు, ముప్పై రోజుల నెలకు కొంచెం గాటు, ఫిబ్రవరికి లోతైన గాటు, లీపు సంవత్సరం ఫిబ్రవరికి కాస్త తక్కువ లోతు. ఒక చిన్న మీట ఆ లోతును తడిమి చూసి నెల ఎక్కడ ముగియాలో చెబుతుంది. ఆ పేజీ నాతో ఎన్నిసార్లు చదివించుకున్నాడో.

"ఆ చక్రం ఒక్కసారి కండ్లతో చూస్తే చాలమ్మే. ఆ పొద్దే పట్టకారు కింద పెట్టేస్తా" అనేవాడు.

పట్టకారు కింద పెట్టే రోజు దగ్గర పడిందని మా ఇద్దరికీ తెలుసు. రెండేళ్ళుగా ఆయన కుడి చేయి వణుకుతోంది. డిసెంబరులో అనంతపురం ఆసుపత్రికి పోతే, సన్నపని మానుకోమని చెప్పారు. ఇంటికి వచ్చేదాకా బస్సులో ఆ చేతిని తొడ కింద పెట్టుకుని కూర్చున్నాడు.

మొన్న ఉగాదికి నాలుగు రోజుల ముందు, బండల ఫ్యాక్టరీ యజమాని ఒకాయన చేతిరుమాలులో చుట్టుకుని ఒక వాచీ తెచ్చాడు. విప్పగానే ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. పుస్తకంలోని వాచీనే కాకపోయినా దాని అన్నదమ్ములలో ఒకటి. తేదీకి, వారానికి, నెలకు వేరువేరుగా చిన్న ముళ్ళు.

దసరాకు ఆయుధపూజలో రంపాలు, లారీలతోబాటు దీన్నీ పెట్టారట. ఇదీ యంత్రమే కదా అన్నాడాయన. అద్దం మీద మరక పడుతుందని ఇంట్లోవాళ్ళు గంధం, కుంకుమ బొట్లు పక్కల్లో పెట్టారు. తర్వాత తుడిచి బీరువాలో దాచారు. ఇప్పుడు తీసి చూస్తే అక్టోబరు నాలుగున ఆగిపోయి ఉంది. మామూలు వాచీలలో కీని సగం లాగి తిప్పితే తేదీ మారుతుంది. దీనిలో అటువంటి మెట్టే తగల్లేదు. లోపల ఏదో విరిగిందని ఆయనా అన్నాడు, మా ఆయనా అన్నాడు.

"కంపెనీకి పంపితే ఆర్నెల్లంట, అన్నా. నాకు ఉగాదికి చేతికుండాల. తెరిచి చూడు, ఏమన్నా అయితే నాదే పూచీ" అని ఆయన వెళ్ళిపోయాడు.

మా ఆయన ఆ రోజు ఇంకో వాచీ ముట్టలేదు. అద్దం కంటికి పెట్టుకుని దాన్ని తిప్పితిప్పి చూశాడు. పక్కన ఇంత చిన్న కెంపు కూడా పొదిగారు చూడు అని నాకు చూపించాడు. చూశాను. గ్రంథాలయం తెరిచే వేళకు నా కాళ్ళు అటే నడిచాయి. పుస్తకం తీసి ఆ తరహా వాచీల పక్క బొమ్మలు వెతికాను. ఆ చోట ఏ వాచీకీ కెంపు లేదు. సన్నని గుంట ఉంది, అందులో చిన్న బొత్తాం. మొండి పుల్లతో నొక్కితే ఒక రోజు ముందుకు జరుగుతుంది. ఎక్కువ నొక్కితే మాత్రం వెనక్కి రాదు, కంపెనీకి పంపవలసిందే. మా ఆయన కెంపు అనుకున్నది గుంటలో గట్టిపడిన కుంకుమ.

వాచీ బాగానే ఉంది. తెరిచే పనే లేదు.

చదివిన సంగతి ఆయనకు చెప్పకుండా దాచాలని నాకు అనిపించిన రోజు అదొక్కటే. చెప్పకపోతే రేపు తెరుస్తాడు, చక్రాన్ని చూస్తాడు. ఆ వణికే చేత్తో వెంట్రుకంత మీటలు విప్పాలి. ఒకటి వంగిందంటే యజమాని ఊరుకున్నా, ఈయన తన్ను తాను క్షమించుకోడు. చెబితే, ఆ చక్రం ఇక ఈ జన్మకు కనపడదు.

పొద్దున ఆయన నాకంటే ముందే అంగడికి పోయాడు. నేను వెళ్ళేసరికి బల్లమీద ఉతికిన తెల్లగుడ్డ పరిచి, పట్టకార్లు వరుసగా పెట్టుకుని ఉన్నాడు. గడ్డం గీసుకున్నాడు. నిలబడే చెప్పేశాను.

అద్దం కంటికి పెట్టుకుని ఆ ఎర్రచుక్కను మళ్ళీ చూశాడు.

"ఏడో తరగతికే ఇంత చేస్తివి. పది చదివింటే అంగడే మూయించింటివి" అన్నాడు.

ఆయనే పుల్ల చెక్కి, కొన తడిపి, కుంకుమను కొంచెం కొంచెంగా తీశాడు. కీ ఇచ్చి, తేదీ మారే వేళలో బొత్తాం నొక్కకూడదని ముళ్ళను పొద్దుటి ఆరు దాటించాడు. బొత్తాం దగ్గర పుల్ల ఆనించగానే అది తడబడింది. ఒక నొక్కు రెండైతే వెనక్కి రాదు. పుల్ల నా చేతికిచ్చి, "నువ్వు నొక్కు. నేను చూస్తా" అన్నాడు.

ఆ రోజుకు రావాలంటే నూట అరవై మూడు నొక్కులు. నేను నొక్కుతుంటే ఆయన లెక్కపెట్టాడు. అక్టోబరు అయింది. నవంబరు ముప్పై మీద నొక్కితే ముల్లు ముప్పై ఒకటిని దాటి ఒకటి మీద ఆగింది. ఆయన ఊపిరి నా చేతికి తగిలింది. డిసెంబరులో ఆసుపత్రికి పోయిన రోజు కూడా మిగతా రోజులలాగే ఒక్క నొక్కుకు వెళ్ళిపోయింది. జనవరి దాటి ఫిబ్రవరి ఇరవై ఎనిమిదికి వచ్చాం.

"ఉండు. ఇది నేను" అన్నాడు.

పుల్ల ఇచ్చాను. మోచేయి బల్లకు ఆనించాడు. నేను ఆయన మణికట్టును రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాను. వణుకు నా చేతుల్లోకి వచ్చింది, కొంచెంసేపటికి నెమ్మదించింది. అప్పుడు నొక్కాడు. ముల్లు ఇరవై తొమ్మిది, ముప్పై, ముప్పై ఒకటి మీదుగా ఒకే ఊపులో ఒకటి మీదికి వచ్చి నిలిచింది. చూస్తే ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు.

"చూడలేదా?" అన్నాను.

"ముల్లును చూసేదేముండాది. చక్రం పండ్లు నాలుగు ఒక్క తోపుకే పోయినాయి. లోపల మీట ఎత్తింది వేలికి తెలిసింది" అన్నాడు.

నా చేతులు ఇంకా ఆయన మణికట్టు మీదే ఉన్నాయి.

"చెయ్యి వదులు. ఇంకా పదహైదు ఉండాయి" అన్నాడు, పుల్ల నాకు ఇస్తూ.

వెంటనే వదల్లేకపోయాను. ఆయన కూడా లాక్కోలేదు.