మాల పడిన ఆటగాడు

మాంగా అన్న జపాను మాట అప్పట్లో మాకు తెలియదు. అరవదేశంలో సూలూరు దగ్గర మా మిల్లు గేటుకు ఎదురుగా ఉన్న టీకొట్టు గోడకు ప్రతి శనివారం నేనొక కాగితం అంటించేవాణ్ణి. అందరూ దాన్ని బొమ్మల కథ అనేవారు. మాటలు తెలుగు, అక్షరాలు అరవం. మావాళ్లకు బళ్లో నేర్పినవి అవే.

కథానాయకుడు వాలీబాల్ ఆటగాడు. నేను బి.ఏ. చదివాను గాని, బొమ్మ గీయాలంటే నా చేతికి వచ్చింది ఒక్క ముఖమే. మిల్లు జట్టులో ఆడుతూ ఆ ఏడే కామెర్లతో పోయిన నా స్నేహితుడి ముఖం.

పాఠకులకు వాడు నచ్చాడు. విమర్శకులకు నచ్చలేదు. విమర్శకులంటే నేత విభాగం మేస్త్రీ ఒక్కడే, గొంతు మాత్రం పదిమందిది.

"ఏమి తంబీ, ఓడనే ఓడడా వాడు? ఓడనివాడి కథ యాల చూడాల?"

"ఫైనల్ దాకా ఆగన్నా."

ఫైనల్‌కు ముందు వారం, పోయిన ఆ స్నేహితుడి అమ్మ వచ్చి కాగితం ముందు నిలబడింది. వాళ్లింట్లో వాడి ఫోటో ఒక్కటీ లేదు.

"అమావాస్యకు ఆకేసి పెట్టేదానికి నాకు బిడ్డ ముఖం లేదు నాయనా. ఇది ఇస్తువా?"

గోడ నుంచి ఒలిచి ఇచ్చాను. పటం కట్టించి, బొట్టు పెట్టి, మాల వేసింది. వీధి వీధంతా వెళ్లి చూసివచ్చింది. పటంలో వాడు గాలిలో ఎగిరి బంతి కొడుతున్నాడు. కింద ఆకులో అన్నం.

పటానికి మాల పడిందంటే మాలో ఆ మనిషి లేనట్టే. తరువాతి శనివారం వాడు నవ్వుతూ ఫైనల్‌కు దిగితే టీకొట్టు దగ్గర ఎవరూ నవ్వలేదు.

"మాల పడినోడు మళ్లా ఆడతాడా రా?" మేస్త్రీ గ్లాసు కింద పెట్టాడు. "చింపెయ్ తంబీ. ఇంట్లో పిల్లోళ్లు ఉండారు."

అంత ఏకగ్రీవమైన విమర్శ నాకు మళ్లీ దక్కలేదు. చింపాను. వేరే ముఖం గీయబోతే పెన్సిలు తిరిగి తిరిగి ఆ ముక్కు దగ్గరికే వచ్చింది. చివరికి వాడు లేకుండానే ఫైనల్ గీశాను. ఆరుగురి చోట ఐదుగురు, అందరివీ వీపులే. పైన బంతి, దాని కింద ఎవరూ లేరు. అయినా అవతలి జట్టు మట్టిలో పడి దొర్లుతోంది.

అంటించాక మేస్త్రీ చాలాసేపు చూశాడు. "ఇది బాగుండాది" అని మెల్లగా అని, టీ తాగకుండానే వెళ్లిపోయాడు.

సాయంత్రం వాడి అమ్మ వచ్చింది. ఒక్కొక్క బొమ్మ గడి మీదా వేలు పెట్టి వెతికింది.

"ఈడ లేడే."

"లేడత్తా."

"సరి. అయితే ఇంట్లోనే ఉండాడు" అని, పొయ్యి మీద ఏదో మరిచి వచ్చినదానిలా గబగబా నడిచింది.

పై వారం నేనేమీ అంటించలేదు. ఎవరూ అడగలేదు.