గంట తగ్గించిన బ్రేకులు

వీధి చివరి షెడ్డులో బ్రేకులు బాగుచేసే ఆయన్ని అందరూ టకటక మేస్త్రి అనేవారు. అరిగిన బ్రేకు షూకి, చక్రాన్ని ఒరిసి ఆపే కొత్త లైనింగు పట్టీ అతికించి, ఓవెన్‌లో రెండు గంటలు కాల్చి, చల్లారాక చిన్న సుత్తితో కొట్టి చూడందే బయటికి పంపేవాడు కాదు. ఖణేల్మంటే అతుకు గట్టిదన్నమాట. డొల్లగా మోగితే ఊడబెరికి మళ్లీ మొదటికి. మనిషి ఉత్త పిసినారి, టీకి పిలిచి ఎదుటివాడి చేతే డబ్బులిప్పించే రకం. ఈ ఒక్క విషయంలో మాత్రం బ్రహ్మదేవుడు చెప్పినా వినడు.

బావమరిది చెబితే విన్నాడు.

"గంట కాలిస్తే చాలు బావా, రోజుకి రెట్టింపు పని దిగుతుంది. ఒక్కోదాన్నీ కొట్టుకుంటూ కూర్చుంటే పక్క షెడ్డువాడు మన నోట్లో మట్టి కొడతాడు" అన్నాడు షెడ్డులో సగం వాటా ఉన్న ఆ బావమరిది. నెల రోజులు లాభం బాగానే కళ్లచూశారు.

ఒకరోజు పొద్దున్నే ఏడింటికి, నిన్న కాల్చినవాటిలో మిగిలిపోయిన షూ ఒకటి బల్లమీద కనిపిస్తే, పాత అలవాటు కొద్దీ సుత్తితో కొట్టాడు మేస్త్రి. డొల్లగా మోగింది. అంచులో స్క్రూడ్రైవరు పెట్టి తిప్పితే లైనింగు అట్టముక్కలా లేచి వచ్చింది. దానితోపాటు కాల్చినవే నిన్న సాయంత్రం, కొండమీది ఫ్యాక్టరీకి పనివాళ్లను చేరవేసే బస్సుకు బిగించారు.

బస్సు డ్రైవరుకి చెబుదామని ఫోను తీశాడు. బావమరిది చెయ్యి పట్టుకున్నాడు.

"చెప్పావంటే ఈ నెల వెళ్లినవన్నీ వెనక్కొస్తాయి. ఇక షెడ్డుకి తాళమే. ఒకటి చెడితే అన్నీ చెడ్డట్టా? సాయంత్రం బస్సు దిగొచ్చాక ఏదో వంకపెట్టి మార్చేద్దాం."

మేస్త్రి ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఇక ఆ పూట ఆయన పడ్డ భయం పగవాడికి కూడా వద్దు. వీధిలో హారను మోగితే ఉలిక్కిపడ్డాడు. భార్య అన్నం గిన్నె తెస్తే ముద్ద దిగలేదు. ఒంటిగంటకు అంబులెన్సు ఒకటి కూతపెడుతూ కొండవైపు పోయింది. బావమరిది వెనకనుంచి పిలుస్తున్నా వినకుండా మేస్త్రి స్కూటరెక్కాడు.

కొండ మొదట్లో రోడ్డుకి అడ్డంగా నిలబడి చేతులూపాడు. మలుపు తిరిగి దిగుతున్న బస్సు, ఆయన్ని దాటి పది గజాలు పోయిగానీ ఆగలేదు. కాలిన వాసన గుప్పుమంది. విషయం చెవిన పడగానే డ్రైవరు అందర్నీ దించేశాడు. ఇద్దరూ జాకీ ఎక్కించి చక్రం విప్పారు. లైనింగు రెండు ముక్కలై కింద రాలింది.

"ఇది నీకెప్పుడు తెలిసింది మేస్త్రీ?"

"పొద్దున... ఏడింటికి."

డ్రైవరు ఆ ముక్కల్ని చేతిలోకి తీసుకున్నాడు. "పొద్దుట్నుంచి రెండుసార్లు ఎక్కాను, రెండుసార్లు దిగాను. పదింటికి దిగినప్పుడు మా ఆవిడ నా వెనక సీట్లోనే ఉంది."

చెంప పగలగొట్టినా బాగుండుననిపించింది మేస్త్రికి. డ్రైవరు చేతులు తుడుచుకుని, రోడ్డు పక్క రాయిమీద కూలబడ్డాడు.

దిగిన ఆడవాళ్లలో ఒక పెద్దావిడ ముందుకొచ్చి, విరిగిన ముక్కల్ని చూసి, మేస్త్రి తలమీద చెయ్యి పెట్టింది.

"సమయానికి దేవుడిలా వచ్చావు నాయనా. నీ పిల్లాపాపలు చల్లగా ఉండాలి."

మేస్త్రి తలెత్తలేకపోయాడు. ఆ చెయ్యి తీసేదాకా ఓర్చుకుని, జేబులోంచి ఫోను తీసి, ఈ నెలలో షూలు పట్టుకెళ్లిన మొదటి బండివాడికి కలిపాడు.