కెన్యాలో మా అసోసియేషన్ ప్రెసిడెంటు

అమెరికాలో మేముండే ఇర్వింగ్‌లో మా వీధి చివరి ఇల్లు మా ఆయన స్నేహితుడిది. నేను ఆయన్ని అన్నయ్యగారూ అంటాను. మా ఇళ్ల అసోసియేషన్‌కు ఆయనే ప్రెసిడెంటు. గడ్డి బెత్తెడు పెరిగితే ఈమెయిల్. మా గుమ్మానికున్న ప్లాస్టిక్ మామిడి తోరణం వెలిసిపోయిందని కూడా ఒకటి పంపారు.

ఆ దంపతులతో కలిసి మేము కెన్యా సఫారీకి వెళ్లాం. మేము దిగింది సర్కారు పార్కులో కాదు, మసాయి తెగ కుటుంబాలు నడుపుకునే కన్జర్వెన్సీ అనే సంరక్షణ భూమిలో. వాళ్లు సొంత భూముల మధ్య కంచెలు తీసేసి, పశువులూ అడవి జంతువులూ వంతులవారీగా మేసేలా కట్టుబాటు చేసుకున్నారు.

అన్నయ్యగారు నఖశిఖపర్యంతం ఖాకీలో దిగారు. మొదటి ఉదయం సింహాలు నిద్రపోతూ కనిపించాయి. “ఇంకా లేవలేదా?” అని గైడును నిలదీశారు.

మర్నాడు కన్జర్వెన్సీ మేనేజరుగా ఉన్న యువతి, మసాయి పెద్దల సమావేశం ఉంది, వచ్చి కూర్చోమని మమ్మల్ని పిలిచింది. వానలు ఆలస్యమయ్యాయి, ఏ వాలులో గడ్డిని పశువులకు వదలాలన్నది చర్చ. ఒక్కొక్కరే లేచి నిదానంగా మాట్లాడుతున్నారు. అన్నయ్యగారు కాసేపు ఓర్చుకుని చెయ్యెత్తారు.

“మాదీ కమ్యూనిటీయే మేడమ్,” అని ఇంగ్లీషులో అందుకున్నారు. “రూల్ తప్పితే ముందు వార్నింగ్, తర్వాత ఫైన్. సింపుల్.”

ఆమె తర్జుమా చేసింది. ఒక ముసలాయన ఏదో అడిగాడు.

“మీరు ఫైన్ వేసిన మనిషి మీకేమవుతాడని అడుగుతున్నారు.”

“ఏమీ కాడు. ఎవరో కూడా తెలీదు. ఈమెయిల్ పంపిస్తాం, అంతే.”

ముసలాయన ఆ మాట ఆమెచేత రెండుసార్లు చెప్పించుకున్నాడు. తర్వాత వాళ్లలో వాళ్లు మాట్లాడుకుని నవ్వుకున్నారు.

“ఏమంటున్నారు?”

“దూరం నుంచి వచ్చారు కదా, టీ తాగమంటున్నారు.”

మీ దగ్గర ఏ జంతువులున్నాయని ఇంకొకాయన అడిగాడు. “ఇళ్ల వెనక చెరువులో బాతులు,” అన్నారు మా ఆయన. “వాటికి తిండి పెట్టడం నిషేధం.”

ఆ రోజు ఏదీ తేలలేదు, చర్చ మర్నాటికి వాయిదా పడింది. “ఒక్క ఓటింగ్‌తో అయిపోయేదమ్మా. వీళ్లకి మేనేజ్‌మెంట్ తెలీదు,” అన్నారు అన్నయ్యగారు జీపులో. మా ఆయన మహా భక్తిగా జిరాఫీని చూస్తూ ఉండిపోయారు.

ఇర్వింగ్ చేరాక ఆదివారం వాళ్లింట్లో ఫొటోల ప్రదర్శన జరిగింది. మసాయి పెద్దలకు పరిపాలనలో సలహాలిచ్చాననీ, వాళ్లు టీ ఇచ్చి సత్కరించారనీ అన్నయ్యగారు చెప్పారు. మిరపకాయ బజ్జీలు వడ్డిస్తున్న వదినగారు గోడవైపు చూశారు.

తర్వాతి అసోసియేషన్ మీటింగులో ఆయన, మన చెరువును కమ్యూనిటీ కన్జర్వెన్సీ చేద్దామని ప్రతిపాదించారు. ఇళ్ల ధరలు పెరుగుతాయని అందరం చేతులెత్తాం. వెంటనే చెరువు చుట్టూ కంచె వేశారు, బెంచీలు పీకేశారు, మధ్యలో రంగు దీపాల ఫౌంటెను పెట్టారు. ఆ వెలుగుకీ చప్పుడుకీ హడలిపోయి బాతులు రోడ్డు దాటి అపార్ట్‌మెంట్ల చెరువుకు తరలిపోయాయి.

ఒక సాయంత్రం అటు నడకకు వెళ్తే, ఎంఎస్ చదివే తెలుగమ్మాయి ఒకతి వాటికి బఠాణీలు వేస్తోంది.

“మీ సైడ్ డక్స్ అన్నీ ఇక్కడికే వచ్చేసినయ్ ఆంటీ. పంపియ్యమంటారా?”

“వద్దమ్మా, ఉండనీ,” అన్నాను.

నాకూ గుప్పెడు బఠాణీలు ఇచ్చింది. ఇద్దరం వేస్తూ కూర్చున్నాం.