ఐదో జ్వరం

క్యాసంబళ్ళి చరిత్ర రాయడానికి ఎవరైనా పూనుకుంటే దాన్ని రెండు యుగాలుగా విడగొట్టక తప్పదు. ఆ ఊరి కోడలు ప్రేమ మధ్యాహ్నం పూట తలుపు మూసుకోని యుగం ఒకటి, మూసుకున్న యుగం ఒకటి. మొదటి యుగంలో ఆ ఇంట్లో ఎవరికి ఏం కావాలన్నా ఆమె ఉన్నచోటికి నేరుగా వచ్చి అడిగేవాళ్ళు. రెండో యుగంలో తలుపు తట్టి అడిగారు. ఇంతకంటే చిన్న కారణాలకే రాజ్యాలు కూలినట్టు పాఠ్యపుస్తకాల్లో ఉంది.

మూసుకున్నది పడగ్గది తలుపు కాదు. పడగ్గదిలో బీరువా ఉంది, బీరువాలో ఇంటిల్లిపాది బట్టలూ ఉన్నాయి, కాబట్టి అది గది కాదు, బస్టాండు. ప్రేమ ఎంచుకున్నది పెరట్లోని పురుగుల ఇల్లు. పట్టుపురుగులు మేస్తున్నన్నాళ్ళు బయటివాళ్ళు అందులోకి రాకూడదు. ఇంటివాళ్ళయినా కాళ్ళు కడుక్కోనిదే గడప దాటకూడదు. పురుగులు కుబుసం విడిచే సమయాన్ని ఆ పక్క జ్వరం అంటారు. గూడు కట్టేలోగా నాలుగుసార్లు అలా జ్వరంలో పడి లేస్తాయి. పడినప్పుడు ఎవరూ ఆకు వేయరు, అలికిడి చేయరు, గొంతు పెంచరు. ఆ ఇంట్లో ప్రేమకు జ్వరం వచ్చినప్పుడు ఎన్నడూ దక్కని మర్యాద ఇది. ఆ మర్యాద చాటున ముక్కాలిపీట వేసుకుని ఆమె రాయసాగింది.

రాయడం ఆమెకు కొత్త కాదు. కేజీఎఫ్ బంగారు గని కార్మికుడి కూతురు. పెళ్ళయి ఈ ఊరొచ్చాక, పాలు పిండడానికీ పొయ్యి వెలిగించడానికీ మధ్య దొరికే సందులో మూడు పేజీల కథలు రాసి పత్రికలకు పంపేది. కొన్ని అచ్చయ్యాయి. "పాపం, పొద్దు పోవాల కదా" అని చుట్టాలు మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలు ఆమె పళ్ళ మధ్య ఇసుకరేణువులా ఇప్పటికీ ఉంది.

తర్వాత బెంగళూరులో ఒక కంపెనీ, ఫోన్లో వినిపించడానికి ధారావాహికలు రాసేవాళ్ళు కావాలని ప్రకటించింది. ప్రతి భాగం ముందూ రాసినవాళ్ళ పేరు చదువుతారట. ప్రేమకు కావలసింది అదే. ఆమె పిండిన పాలు డెయిరీలో భర్త మునేష్ పేరున పోతాయి. ఆమె పెంచిన పట్టుగూళ్ళు మార్కెట్లో మునేష్ పేరున అమ్ముడవుతాయి. కోపం మాత్రమే ఆమె సొంత పేరున ఊరంతా చలామణిలో ఉంది.

మొదటి ఐదు భాగాలు పంపింది. గనులు మూతపడ్డాక మారికుప్పంలో ఒంటరిగా మిగిలిన గంగ అనే అమ్మాయి కథ అది. కంపెనీలో కథలు సరిచూసే పురుషోత్తమ్ ఫోన్ చేశాడు.

"మేడం, మీ గంగ ఐదో భాగంలో చచ్చిపోయింది."

"చావలేదు సార్, బతికే ఉండాది."

"కాగితం మీద ఉంది. వినేవాళ్ళకు పోయింది. మీది మూడు పేజీల ఊపిరి మేడం, పెద్ద కథకు ఆగదు. ఆమెకు ఏం కావాలో ఒక్క మాటలో చెప్పండి."

ప్రేమ చెప్పలేకపోయింది. అది ఆయన తప్పయినట్టు మండిపడింది.

"ఇంకొకటి, కేజీఎఫ్ అన్నారు, సినిమాలోలా ఒక్క తుపాకీ కూడా లేదే?"

"మా నాయన బతుకంతా గనిలో దిగినాడు సార్. చేతిలో టిఫిన్ క్యారియర్ ఉండింది. కావాలంటే దాన్ని పేలుస్తాను."

ఫోన్ పెట్టేసి ఆ రోజు గిన్నెలన్నీ పక్క వీధికి వినబడేలా తోమింది. తోముతుండగానే తట్టింది. గంగకు కావలసింది ఇల్లు. నాయన ఉండిన క్వార్టర్స్ తాళంచెవి. ఇంత చిన్న సంగతిని ఆ పెద్దమనిషి అడిగేదాకా తాను అడగలేదే అని తోమిన గిన్నెనే మళ్ళీ తోమింది.

ఆ తర్వాత తాళంచెవికి అడ్డం పడేవాళ్ళను ఒక్కొక్కరినే కథలోకి తెచ్చింది. వాళ్ళకూ తలా ఒక కోరిక ఇచ్చింది. అందరూ ఒకేసారి అరవకుండా వంతులు పెట్టింది. భాగం ఎక్కడ ఆపాలన్న విద్య మాత్రం అత్త ఆదిలక్ష్మమ్మ నేర్పింది, నేర్పుతున్నట్టు ఆమెకు తెలియదు. గంగ తాళం దగ్గరికి వచ్చేసరికి పురుగుల ఇంటి తలుపు మోగేది. "ఏమ్మే, చింతపండు యాడ పెట్టినావు?" ప్రేమ కలం విసిరికొట్టి లేచేది. పొద్దుగూకేదాకా ఆ సగం వాక్యాన్ని గొణుక్కుంటూ తిరిగేది. కొన్నాళ్ళకు అర్థమైంది. ఎక్కడ లేపితే తనకు ఒళ్ళు మండుతుందో, అక్కడ ఆపితే వినేవాళ్ళకూ ఒళ్ళు మండుతుంది. అప్పటినుంచి భాగాల ముగింపులన్నీ చింతపండు దగ్గరే పడ్డాయి.

ఇరవై భాగాలు మామిడికాయల కాలం దాటేలోగా పంపితే పేరు ఖాయం చేస్తామన్నాడు పురుషోత్తమ్. అత్త శ్రీనివాసపురంలో కూతురి తోటకు కాయ కోతకని వెళ్ళింది. పురుగులు నాలుగో జ్వరం లేచి ఆకు మీద పడ్డాయి. ప్రేమ చివరి భాగాల మీద పడింది. ఒక చేత్తో మల్బరీ కొమ్మలు పరుస్తూ, ఇంకో చేత్తో గంగను తాలూకాఫీసు మెట్లెక్కించింది.

ఒక మధ్యాహ్నం వేసిన ఆకు వేసినట్టే ఉండిపోయింది. పురుగులు తలలెత్తి ఊరికే ఉన్నాయి. మునేష్ ఆకు మోపు తెచ్చి తలుపు తట్టాడు.

"ఆకు వద్దు పో. మళ్ళీ జ్వరంలో పడినాయి," అంది ప్రేమ, కాగితం మీదినుంచి తల ఎత్తకుండా.

మునేష్ ఆకు కోసేవాడే తప్ప పురుగు లెక్క తెలిసినవాడు కాదు. సరేనని మోపు నీడలో దించాడు. అప్పుడే బస్సు దిగి సంచితో వస్తున్న తల్లికి ఎదురుపోయి, "మెల్లగా మాట్లాడమ్మా, పురుగులకు జ్వరం" అన్నాడు.

"ఎన్నోది?"

"ఐదోది."

ఆదిలక్ష్మమ్మ సంచి కింద పెట్టింది. "ఐదోదా? మా అమ్మ కాలం నుంచి నాలుగే కదరా. ఇదెప్పుడు పెంచినారు, గవర్మెంటోళ్ళు?"

కాళ్ళు కడుక్కుని తలుపు తోసింది. పురుగులన్నీ పండినాయి. పండిన పురుగు ఆకు ముట్టదు, గూడు కట్టుకునే చోటు వెతుక్కుంటుంది. వెంటనే ఏరి చంద్రికలనే వెదురు చట్రాల మీద వేయాలి. వేసే దిక్కు లేక అవి తట్టల అంచుల్లో, కిటికీ చువ్వల్లో, గోడ మూలల్లో పోగు తీస్తున్నాయి. ప్రేమ పక్కన పేర్చిన కాగితాల మీద కూడా.

"కండ్లు యాడ పెట్టుకున్నావే! పంటంతా గోడలకు కట్టుకుంటా ఉండాది!"

"అరవద్దు అత్తా! ఒక్క పేజీ ఉండాది, ఒక్కటంటే ఒక్కటే!"

"నీ పేజీకి నిప్పు పెట్టా!"

"పెట్టు! ఈ ఇంట్లో నాదని ఉండేది అదొక్కటే, దానికీ పెట్టు!"

ఇంత గొడవలోనూ ఇద్దరి చేతులూ పురుగులు ఏరుతూనే ఉన్నాయి. మునేష్ చంద్రికలు మోశాడు, ఇద్దరి చేతా తిట్లు తిన్నాడు. అందినవి అందాయి, పోయినవి పోయాయి. చివరగా ఆదిలక్ష్మమ్మ కాగితాల కట్ట లాక్కుని, పోగులో చిక్కుకున్న పురుగును విడదీస్తూ ఆగింది. ఇంకో కాగితం తిప్పింది. పెదాలు కదిలాయి. కూలబడి అన్నీ చదివింది.

"ఇంగ?" అంది.

"ఇంగేంది?"

"ఆ పిల్ల తాళంచెవి పెట్టి తిప్పింది. తలుపు తెరుచుకుందా లేదా?"

"రాయలేదు. నువ్వు వచ్చినావు కదా."

"పంటా నాశనం చేసినావు, కథా సగంలో ఇడిసినావు! ఏం ఆడదానివే నువ్వు! కూర్చో. రాయి. చింతపండు నేను ఎతుక్కుంటాను."

కోపంతో ఎర్రబడ్డ ఆ మొహాన్ని చూసి ప్రేమకు తన కథ మీద మొదటిసారి నమ్మకం కుదిరింది.

కాయలు అయిపోకముందే ఇరవై భాగాలూ చేరాయి. ఇప్పుడు రోజూ సాయంత్రం ఫోన్లో ఒక ఆడగొంతు "రచన: ప్రేమ, క్యాసంబళ్ళి" అంటుంది. తుపాకీ లేదు. ఆదిలక్ష్మమ్మ రోజూ వింటుంది, ఆపిన చోట రోజూ తిడుతుంది.

కోడలిని ఇంకెవరూ కదిలించకూడదని ఆమె శాసనం చేసింది. మునేష్ దానికి తన వంతుగా బంగారుపేట నుంచి కొత్త గొళ్ళెం తెచ్చాడు. పాతది ఊడదీసి బిగించుదామని పురుగుల ఇంట్లోకి పోయి తలుపు లోపలివైపు తడిమాడు. అక్కడ గొళ్ళెం లేదు, ఇన్నాళ్ళూ అది ఊరికే చేరవేసిన తలుపు. పురుగుల ఇళ్ళకు గొళ్ళెం బయటివైపే పెడతారు.